మూడోసారి అడిగే పిల్ల

మా అలుమితాకు బుద్ధి మందమని ఊరు ఊరంతా ఒక్కమాట మీద ఉన్న రోజులవి. మా వునిసేయిలో జనం ఒక్కమాట మీద నిలబడటం అంత తేలిక కాదు. చర్చి తలుపులకు ఏ రంగు వెయ్యాలన్న దానిమీద రెండు తుపాను కాలాలు తగువులాడుకున్న ఊరిది. అలాంటి ఊరు నా తమ్ముడి కూతురి దగ్గరకొచ్చేసరికి చక్కగా ఏకమైపోయింది. పిల్లకు పుట్టుకతో చూపు లేదు, చూపుతోపాటు దేవుడు బుర్ర కూడా ఇవ్వలేదు పాపం అని తేల్చేసింది. ఆ ‘పాపం’ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడా పిల్ల సువా పట్నంలో చూపులేని పిల్లల బడిలో ఉద్యోగం చేస్తోంది. కొత్తగా చేరే పిల్లల బుద్ధి ఎలా ఉందో, వయసుకు తగ్గట్టు ఎదిగిందో లేదో పెద్ద టీచర్లు పరీక్షించేటప్పుడు పక్కన మా అలుమితా కూర్చోవలసిందే. క్రిస్మస్ సెలవులకు అది పడవ దిగుతోందని తెలిస్తే చాలు, మా ఊళ్లో మగాళ్లు గొంతులు సవరించుకుంటారు. ఎందుకు సవరించుకుంటారో చెప్పెయ్యాలని నాకిప్పుడే నాలుక దురదగా ఉంది. కానీ మొదటినుంచీ చెబితేనే దాని రుచి.

నా తమ్ముడు చేపల ఓడ మీద పని చేస్తాడు. సముద్రం ఎప్పుడు వదిలితే అప్పుడు ఇంటికొస్తాడు. వాడి పెళ్లాం పడమటి తీరాన ఒక హోటల్లో గదులు సర్దే పనికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఇద్దరూ వస్తామనే వెళ్లారు. పిల్ల మాత్రం బూబూ ఒడిలో పెరిగింది. బూబూ అంటే దానికి నాయనమ్మ, నాకు కన్నతల్లి.

బూబూ మొగలాకు చాపలు అల్లుతుంది. ఆమె నోట్లోంచి ఒక మాట రావాలంటే చాపకు ఒక అంచు పూర్తికావాలి. ఆమె ఎవరినైనా కసిరిందని, గొంతు పెంచిందని ఏటికి అవతలి ఒడ్డున కూడా ఎవరూ చెప్పలేరు. నాది ఆ పోలిక కాదు.

“మా అత్త మాట్లాడాల్సిన మాటలన్నీ మూటగట్టి నీకే ఇచ్చేసింది తోరికా,” అంటాడు మా బావ అపెనీసా. ఆయనే మా ఊరిపెద్ద. వరసకు బావ కాబట్టి నన్ను ఏమైనా అనొచ్చు, నేనూ వదలను. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటి పుణ్యాన మన ఊరికి చుట్టాలు రావడం మానేశారు.”

“ఊరిపెద్ద బుర్ర మంచిదైనా ఊరు బాగుపడుద్ది బావా. ముందు అది చూసుకో,” అనేదాన్ని.

అలుమితాకు ఒక అలవాటుండేది. దానివల్లే పిల్లలు దానికి చిలక అని పేరు పెట్టారు. ఏదీ ఒక్కసారి అడిగి ఊరుకునేది కాదు. “అత్తా, దుంప తినొచ్చా?” అంటుంది. నేను పొయ్యి దగ్గర పొగలో ఉంటాను, ఒప్పుకుంటాను. అది కదలదు. కాసేపాగి అదే గొంతుతో, “అత్తా, దుంప తినొచ్చా?” మళ్లీ ఒప్పుకుంటాను. మళ్లీ, “అత్తా, దుంప తినొచ్చా?” ఇక నా వల్ల అయ్యేది కాదు. “ఎన్నిసార్లు చెప్పాలే నీకు, చెవుల్లో ఏటి బురద పెట్టుకున్నావా,” అని అరిచేదాన్ని. అప్పుడు నింపాదిగా చెయ్యి చాపి దుంప తీసుకునేది. పైగా ముఖమంతా సంతోషం. తిడితే సంతోషపడే పిల్లను చూసి ఊరు ఏమనుకుంటుంది మరి.

ఇంకొకటి కూడా ఉంది. అది ఎప్పుడూ చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చునేది. నడక నేర్చిన కొత్తలో, ప్రార్థనకు వచ్చిన ఒక ముసలాయన తలమీద చెయ్యి వేసేసింది. మా దగ్గర పెద్దవాళ్ల తల తాకడమంటే ఆ తల నరికినంత పని. పైన వేలాడే బుట్ట అందుకోవాలన్నా, కింద కూర్చున్నవాళ్లకు ముందు క్షమాపణ చెప్పుకునే జనం మేము. ఆ రోజు ఇంట్లో రేగిన గోలకు పిల్ల బెదిరిపోయింది. ఆ తర్వాత ఎవరి భుజం దాటీ దాని చెయ్యి పైకి పోలేదు.

దానికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా కబురొచ్చింది. సువా బడివాళ్లు ఏటి ఊళ్లలో చూపులేని పిల్లల్ని పరీక్షించడానికి ఉనైసి అనే టీచరును పంపుతున్నారు. చదువు అందుకోగలదని ఆమె అంటే పిల్ల బడిలో చేరుతుంది, వేళ్లతో చదివే చుక్కల అక్షరాలు నేర్చుకుంటుంది. అందుకోలేదని అంటే ఇంట్లో, బూబూ చాప అంచునే ఉండిపోతుంది. బూబూ తర్వాత ఏమిటన్న మాట ఎవరూ పైకి అనేవారు కాదు. నేను అనేదాన్ని.

“లేనిపోని ఆశలెందుకు?” అన్నాడు బావ. “ఒక పందిని కోసి, వచ్చినామెకు కడుపునిండా పెట్టి పంపిద్దాం. పిల్ల సంగతి మనకు తెలిసిందేగా.”

“కొయ్యి బావా, నీ చుట్టాన్నే కొయ్యి. కానీ ఆవిడ ముందు చిలకా గిలకా అన్నావంటే, నీ పళ్లు కట్టుడు పళ్లని ఆవిడకి చెప్పేస్తా.”

బూబూ చాప అల్లుతూనే ఉంది. ఆ వారమంతా అలుమితా ఆమె పక్కన చేరి గుసగుసగా ఏదో అడుగుతూనే ఉంది. నేను దగ్గరికి పోతే ఆపేసేది. ఎప్పటి చిలక పలుకులే అనుకున్నాను.

ఏరు పోటు మీద ఉంటేనే మా రేవుకు పడవ వస్తుంది. నీళ్లు తీశాయంటే రేవంతా మోకాలి లోతు బురద. ఉనైసి టీచరు దిగుతూనే చెప్పేసింది, ఇంకా కింద ఊళ్లున్నాయని, నీళ్లు తీసేలోపు పని ముగించుకుని పోవాలని. మళ్లీ ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదట. 

ఆమె ఊరూ మా ఊరూ ఒకే మూలపురుషుడి సంతానం. అలాంటి ఊళ్లవాళ్లు ఎదురుపడితే ఒకరినొకరు ఎగతాళి చేసుకోకపోవడమే అవమానం. బావ రేవులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రా టీచరమ్మా, రా. మీ దీవిలో తిండి కరువని విన్నాం. దారిలో పడవ తెడ్లు తినకుండానే వచ్చావా?”

“మీ ఊరి దుంపలకన్నా తెడ్లే మెత్తగా ఉంటాయన్నారు. తినేదాన్నే, పడవవాడు తిననివ్వలేదు.”

రేవంతా నవ్వింది. ఆమె లావుగా, పొట్టిగా, చెమటలు కక్కుతూ ఉంది. నాకు అక్కడికక్కడే నచ్చేసింది.

వచ్చినామెకు మర్యాదగా యాంగోనా వేరు దంచి, నీళ్లలో కలిపారు. చిప్ప ఒక్కొక్కరికీ అందుతోంది. తాగబోయేముందు తాగే మనిషి చప్పట్లు కొడుతున్నారు, తాగాక మిగతావాళ్లు కొడుతున్నారు. గుమ్మం దగ్గర కూర్చున్న అలుమితా తనలో తను గొణుక్కుంటోంది. “అపెనీసా మామ తాగుతున్నాడు. ఇప్పుడు టీచరమ్మ. ఈవిడ అరచేతులు మెత్తన.” ఉనైసి తల తిప్పి చూసింది. ఆ చూపు నేను పట్టుకున్నాను. మొక్కుకోవాల్సిన దేవుడికి అప్పుడే మొక్కేసుకున్నాను.

పరీక్ష మా ఇంట్లోనే. కిటికీల నిండా తలలు చేరితే ఆమె అందర్నీ తరిమేసి, బూబూనీ నన్నూ ఉండమంది. తెలిసిన ఇంట్లో, తెలిసిన మనుషుల మధ్య పిల్ల ఎలా ఉంటుందో చూడాలట. బావ మాత్రం ఊరిపెద్ద హోదాలో కిటికీ బయట స్తంభంలా ఉండిపోయాడు. ఆమె ముందుగా పిల్లను ఇల్లు చూపించమంది. అలుమితా ఆమె వేలు పట్టుకుని నీళ్ల కుండ, చాపల కట్ట, దోమతెర, వెనక గుమ్మం అన్నీ తిప్పింది. తర్వాత ఆమె తన సంచి పిల్ల ముందు పెట్టి తీరిగ్గా తడమనిచ్చింది. లోపల కొబ్బరి చిప్పలు, గవ్వలు, ముడులేసిన తాళ్లు, రకరకాల అల్లిక చాప ముక్కలు.

“బొమ్మల కాగితాలేం లేవా?” అన్నాను. అంతకు ముందెప్పుడో మందులు పంచడానికి వచ్చినాయన బొమ్మలు దాని ముందు పెట్టి, ఇందులో ఏది కుక్కో చెప్పమన్నాడు మరి.

“కళ్లున్న పిల్లలకు తయారుచేసిన పరీక్ష దీనికి పెడితే, దీని కళ్లకు మార్కులేసినట్టవుద్ది వదినా. కళ్లు లేవని మనకు ముందే తెలుసుగా. నాక్కావాల్సింది బుర్ర.”

“అది ఉందా లేదా అన్నదేగా తగువు.”

“ఉండక ఎక్కడికి పోద్ది? ఎంత ఎదిగింది, ఎటు ఎదిగింది, ఎక్కడన్నా ఆగితే ఎందుకాగింది, అదీ నేను చూసేది. మీరు కాస్త ఊరుకుంటే చూస్తా.”

నేను ఊరుకున్నాను. అంటే, ఊరుకోవాలని కూర్చున్నాను.

“అలుమితా, నీ ముందు కొబ్బరి చిప్పలున్నాయి. తడిమి చూసి, చిన్నదాని దగ్గర్నుంచి పెద్దదాని దాకా వరసగా పెట్టాలి.”

పిల్ల ఒక్కో చిప్పనూ అంచు చుట్టూ తడిమింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది. “మొదలుపెట్టనా టీచరమ్మా?” అంది.  పిల్ల కదల్లేదు. కాసేపయ్యాక, “మొదలుపెట్టనా టీచరమ్మా?” అంది మళ్లీ. కదల్లేదు. బయట ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. ఉనైసి ముఖంలో ఉత్సాహం మెల్లగా సన్నగిల్లడం నేను కళ్లారా చూశాను. అవతల ఏరు తీయడానికి సిద్ధంగా ఉంది. ఇక్కడ పిల్ల బతుకు చిప్పల ముందు ఆగిపోయింది.

“మొదలుపెట్టనా టీచరమ్మా?”

“ఎన్నిసార్లు చెప్పాలే,” అని నేను అరిచేశాను, “టీచరు ఒప్పుకుంటూనే ఉంది, కానియ్యవేం?”

నా నోట్లో మాట పూర్తికాలేదు, పిల్ల చేతులు చిప్పల మీద ఆడాయి. చిన్నది, దాని పక్కన కొంచెం పెద్దది, ఇంకొంచెం పెద్దది, రేవులో కట్టేసిన పడవల్లా వరస తీరిపోయాయి. రెండు చిప్పలకు గోరంత తేడా కూడా లేదు, వాటిలో ఒకదాన్ని మళ్లీ తడిమి, తీసి, జాగా మార్చింది కూడా.

ఉనైసి నోరు తెరిచింది. నన్ను చూసింది. పిల్లను చూసింది. నేను తప్పు చేశాననుకుని దులపరింపుకు సిద్ధపడ్డాను. ఆమె మాత్రం నోటిమీద వేలు పెట్టి నన్ను కదలొద్దంది. ముడుల తాడు తీసి పిల్ల చేతిలో పెట్టింది.

“ఈ ముడులెలా ఉన్నాయో, రెండో తాడుకు అలాగే వెయ్యాలి.”

పిల్ల తాడంతా తడిమింది. “మొదలుపెట్టనా టీచరమ్మా?”

“ఊఁ,” అంది ఉనైసి, గట్టిగా, నోటితో.

పిల్ల ఉలిక్కిపడింది. వెంటనే మొదలుపెట్టేసింది. మొదటిసారి అడిగినందుకే.

ఉనైసి లేచి నిలబడింది. రెండు చేతులూ తన నుదుటి మీద పెట్టుకుని, పళ్లు నొప్పెట్టినట్టు మూలిగింది. “నా కనుబొమలు,” అంది. “ఓరి దేవుడా, నా కనుబొమలు.”

అప్పుడు నాకు తెలిసింది. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మా దగ్గర కాదంటేనే నోరు తెరుస్తారు. ఔనంటే కనుబొమలు ఎగరేస్తారు, అంతే. పుట్టిన బిడ్డ నుంచి పోయే ముసలి దాకా అంతే. అదే మాకు మాట. పిల్ల దుంప అడిగినప్పుడల్లా నేను ఎగరేసింది కనుబొమలు. ఊరంతా ఎగరేసింది కనుబొమలు. ఇన్నేళ్లుగా చూపులేని పిల్లలతోనే బతుకుతున్న టీచరు కూడా, మాలో పుట్టిన మనిషేగా, చిప్పల ముందు కూర్చుని ఎగరేసింది కనుబొమలు.

“మిగతావన్నీ నోటితోనే చెప్తాను వదినా,” అంది ఆమె. ఆమె కళ్లు దీపాల్లా ఉన్నాయి. “ఇది చెప్పడం లేదని నాకెప్పుడూ తోచనే లేదు. బళ్లో పిల్లలు రెట్టించి అడిగితే, చూపులేని పిల్లలకది మామూలే అనుకునేదాన్ని. మేమే రెట్టించేలా చేస్తున్నాం.” పిల్ల ముందు చతికిలబడింది. “అలుమితా, నువ్వు మూడుసార్లు ఎందుకడుగుతావమ్మా?”

అలుమితా తాడు ముడి బిగించి, తీరిగ్గా చెప్పింది. “కాదంటే వెంటనే చెప్తారు. ఔనంటే చెప్పరు.”

“మరి ఔనని ఎలా తెలుస్తుంది?”

“ఏం చెప్పకపోతే ఔనన్నా కావొచ్చు, అక్కడ మనిషి లేకపోనూవచ్చు. అందుకని మళ్లీ అడగాలి. మూడోసారి తిడతారు. తిడితే ఔనని లెక్క.”

“అని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఒకసారి తోరికా అత్త తిట్టాక దుంప తీసుకున్నా. ఏం అనలేదు. ఇంకోసారి కూడా అనలేదు. తర్వాత అందరి దగ్గరా చేసి చూశా. అందరూ అంతే.” కాస్త ఆలోచించి ఒక మాట చేర్చింది. “తోరికా అత్త అందరికన్నా మంచిది. తొందరగా తిడుతుంది.”

అయ్యలారా, ఆ మాట విన్నాక నేను నేల మీద లేను. కిటికీ వైపు తిరిగాను. “విన్నావా బావా? ఊరు మొత్తం మీద ఈ పిల్లకు జవాబు చెప్పిన నోరు ఇదొక్కటే. ఇక నా నోటి గురించి ఎవడైనా మాట్లాడితే చెప్పు.”

బావ కనుబొమలు ఎగరేశాడు. వెంటనే పట్టుబడిన దొంగలా చేత్తో మూసుకున్నాడు.

“ఇంతమంది పెద్దవాళ్లం కలిసి ఒక్క మాట దాని నుంచి దాచేశాం,” అంది ఉనైసి. “ఇది ఒక్కతీ కూర్చుని ఆ మాటను పట్టడానికి వల అల్లుకుంది. దీన్ని మనం మందబుద్ధి అన్నాం. నాకింక పరీక్ష అక్కర్లేదు. కానీ పెడతాను, ఎంతదూరం పోతుందో చూడాలని నాకే ఆత్రంగా ఉంది.”

పెట్టింది. ఇక చూడాలి. అడగడం ఆలస్యం, పిల్ల చేసెయ్యడం. గవ్వల్లో జతలు వెతికి పెట్టింది. చాప ముక్కల్లో ఒకటి పట్టుకుని ఇది బూబూ అల్లింది కాదు, ఆకు సరిగా ఆరలేదు అంది. ఉనైసి ఒక కథ చెప్పి మళ్లీ చెప్పమంటే, ఆమె గొంతుతో సహా చెప్పి, అందులో చేప రెండుసార్లు చచ్చిపోయిందేమిటని నిలదీసింది. ఉనైసి తొడ చరుచుకుని నవ్వింది. ఏటి నీళ్లు వెనక్కి తీస్తున్నాయని పడవవాడు రెండుసార్లు కేకేశాడు. రెండుసార్లూ నేనే నోరు మూయించాను. మందబుద్ధి అని తేల్చిన జనమంతా ఇప్పుడు కిటికీల్లో ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు.

“చాలు,” అంది ఉనైసి చివరికి. “అలుమితా, నువ్వు సువా వచ్చెయ్యి. బడి తెరిచే రోజున చేరిపోదువు. వస్తావుగా?”

“రాను,” అంది అలుమితా. వెంటనే చెప్పింది, ఒక్కసారే.

 “ఏంటే ఆ మాట, పిచ్చా నీకు,” అనబోయి, నాలుక కరుచుకున్నాను. తిడితే ఔనని లెక్క. ఇప్పుడు తిట్టడానికి కూడా లేదు.

“ఎందుకు రావు తల్లీ?” అంది ఉనైసి.

పిల్ల చేతులు మళ్లీ ఒళ్లోకి పోయాయి. “బడికి పోతే మళ్లీ వచ్చి నన్ను తీసుకెళ్తావా అని బూబూని అడిగా. రోజూ అడిగా. మూడుసార్లు కాదు, చాలాసార్లు అడిగా.”

“బూబూ ఏమంది?”

“ఏం అనలేదు. వద్దనలేదు. తిట్టనూలేదు.” దాని కింది పెదవి వణికింది. “బూబూ ఎప్పుడూ తిట్టదు. అందుకే బూబూ నాకు ఎప్పుడూ ఔనని చెప్పలేదు.”

 నేను మా అమ్మ వైపు చూశాను. ఆమె చేతిలో మొగలాకు అలాగే ఉండిపోయింది. ఆ వారమంతా ఆమె పిల్లవైపు తిరిగి, ప్రేమగా, ఓపిగ్గా, ఎన్నిసార్లు కనుబొమలు ఎగరేసిందో ఆమెకే తెలుసు. పిల్ల బుగ్గ నిమిరి ఎగరేసి ఉంటుంది. కళ్లు తుడుచుకుంటూ ఎగరేసి ఉంటుంది. ఊళ్లో కసిరినవాళ్లందరూ దానికి ఔనని చెప్పారు. ప్రాణం పెట్టి పెంచిన మనిషి ఒక్కతే చెప్పలేదు. నాకు ఏడుపొచ్చేసింది, ఎందుకు దాచాలి.

బూబూ అల్లుతున్న చాప వదిలేసింది. మోకాళ్ల మీద పిల్ల దాకా జరిగింది. దాని ముందు తల వంచి, దాని చెయ్యి పట్టుకుని తన నుదుటి మీదకు తీసుకెళ్లబోయింది. అలుమితా ఠక్కున చెయ్యి లాక్కుంది.

“తల, బూబూ,” అంది భయంగా.

కిటికీలో బావ ఏదో అనబోయాడు. నేను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. బూబూ మళ్లీ ఆ చెయ్యి అందుకుంది. మనవరాలి వేళ్లు రెండు తన కనుబొమల మీద ఆనించి, వాటిపైన తన అరచెయ్యి వేసి పట్టుకుంది.

“అడుగు,” అంది.

“బడికి పోతే, మళ్లీ వచ్చి నన్ను తీసుకెళ్తావా?”

ఆ వేళ్ల కింద ముసలి కనుబొమలు లేచాయి.

పిల్ల ముఖం బిగుసుకుపోయింది. మళ్లీ అడిగింది. మళ్లీ లేచాయి. మూడోసారి అడిగింది, ఎవరూ తిట్టలేదు, మూడోసారీ లేచాయి. అది తన వేళ్లను ఆ ముడతల మీద అటూ ఇటూ రాసింది, అల్లిక తెలుసుకుంటున్నట్టు.

“ఇన్నాళ్లూ ఇదేనా బూబూ?”

కనుబొమలు లేచాయి. పిల్ల పకపకా నవ్వింది, నవ్వుతూ ఆ నుదుటి మీదే ముఖం పెట్టేసుకుంది. అప్పుడు మా అమ్మ నోరు విప్పింది. “ఊఁ” అంది. గొంతు అలవాటు లేక ఆ చిన్నమాటే రెండు ముక్కలైంది.

ఉనైసి పడవ ఎక్కేసరికి రేవంతా బురద తేలింది. ఊరు ఊరంతా దిగి, మోకాళ్ల దాకా కూరుకుపోతూ, పడవను నీళ్లలోకి నెట్టాం. బురదలో బావ చెప్పు ఒకటి ఊడి పోయింది. “తీసుకుపో టీచరమ్మా, దారిలో తిను,” అని రెండోది పడవలోకి విసిరాడు.

ఆ ఆదివారమే ప్రార్థన అయ్యాక బావ ఊరికి కట్టుబాటు చెప్పాడు. అలుమితా ఏదైనా అడిగితే నోటితో ఊఁ అనాలి, అనకపోతే చర్చి ముంగిట గడ్డి కొయ్యాలి. మా మగాళ్లకు అది ఎంత కష్టమైందో చెప్పలేను. ముందు కనుబొమలు ఎగిరిపోయేవి, వెనకాల ఊఁ ఎక్కిళ్లలా వచ్చేది. గడ్డి కోతకు మొదట దొరికినవాడు బావే. చర్చి ముంగిలి ఆ ఏడు ఉన్నంత శుభ్రంగా ఇంకెప్పుడూ లేదు.

అలుమితా బడికి వెళ్లింది. మొదటి సెలవులకు బూబూ, నేను తీసుకురావడానికి సువా బయల్దేరాం. పొద్దున్నే పడవ, తర్వాత బస్సు. బూబూ తెల్లవారకముందే కొత్త గౌను వేసుకుని రేవులో కూర్చుంది. బస్సులో నేను ఎంత వాగినా ఆమె పలకలేదు. బడి గేటు దగ్గర పిల్లల గోల, తల్లుల గోల. అలుమితా వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది, మెడ చాపి వింటోంది. పొడుగైంది. నేను పేరు పెట్టి పిలిచేలోపే చాపల వాసన పట్టిందో, అడుగుల చప్పుడు పట్టిందో, మా వైపు తిరిగింది.

“బూబూ? నన్ను తీసుకెళ్లడానికే వచ్చావా?”

జవాబు లేదు. ఇంతదూరం వచ్చి ఈ ముసలిది మళ్లీ మూగనోము పట్టిందే అని నాకు మండింది. పిల్ల మళ్లీ అడగాలా, దాని ప్రాణం మళ్లీ అల్లాడాలా. “అమ్మా, నోరు తెరిచి చెప్పవేం, ఎన్నిసార్లు—” అని అందుకున్నాను.

బూబూ అప్పటికే అంతమంది మధ్యలో, పరాయి పట్నంలో, మనవరాలి ముందు తల వంచి నిలబడి ఉంది. పిల్ల వేళ్లు ఆమె నుదుటి మీద ఉన్నాయి.

“ఉండత్తా,” అంది అలుమితా. “నువ్వు తిట్టక్కర్లేదు. బూబూ చెప్పేసింది.”